ఉచ్చు బిగించడం కన్నా ఎక్కువ: యూకాన్ ట్రాప్‌లైన్ మీద ఏం నేర్చుకుంటారు?

మన దగ్గర ఉచ్చు అనగానే గుర్తొచ్చేది నేరం. నల్లమలలోనో కవ్వాల్‌లోనో తీగ ఉచ్చు దొరికిందంటే అటవీ శాఖ కేసు పెడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మన దగ్గర బతుకుతెరువుగా మిగల్లేదు. అందుకే కెనడా ఉత్తరాన ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, క్లాసులు పెట్టి, ఇనప ట్రాప్ ఎలా అమర్చాలో నేర్పుతుందంటే మనవాళ్లకు ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఎడ్మంటన్‌లోనో కాల్గరీలోనో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం చలికోటు టోపీ అంచున కుట్టిన కయోటీ (తోడేలు జాతి జంతువు) ఫర్‌ని, అంటే బొచ్చు తోలుని, చూసే ఉంటారు. అది నిజమైన ఫర్ అయితే, ఎక్కడో ఒక ట్రాపర్ చలిలో పట్టి తెచ్చిందే అయి ఉంటుంది.

ఈ విషయం మీద జరిగే వాదన దాదాపు ఎప్పుడూ ఆ ఇనప ట్రాప్ దగ్గరే ఆగిపోతుంది. క్రూరత్వమని ఒకరంటే, సంప్రదాయమని ఇంకొకరంటారు. నేర్చుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ విద్యలో ట్రాప్ వాటా చాలా తక్కువ. దాన్ని తెరిచి, బిగించి, వేళ్లు పోగొట్టుకోకుండా అమర్చడం ఒక పూటలో వచ్చేస్తుంది. ఏళ్లు పట్టేది మిగతాది. ఆ నేల ఎవరిది, ఈ ఏడు అక్కడ ఎన్ని జంతువులున్నాయి, ఎప్పుడు ట్రాపులన్నీ తీసేసి ఇంటికి వచ్చేయాలి, ఏ మంచు మీద అడుగు వేయొచ్చు అన్నవి తెలియాలి. వీటన్నిటికీ మూలం ఎంత వదిలేయాలో తెలియడమేనని నా అభిప్రాయం. ఆ ఒక్కటి రాకపోతే మిగతా నైపుణ్యం అడవిని ఖాళీ చేయడానికే పనికొస్తుంది. అలా ఖాళీ అయిన అనుభవం ఉత్తర కెనడాకు ఉంది కూడా.

ఉదాహరణకు యూకాన్‌ని తీసుకుందాం. అలాస్కాకు ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 4,82,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా అంతకు చాలా తక్కువే. అక్కడి జనాభా మాత్రం యాభై వేల లోపే, అందులోనూ ఎక్కువమంది రాజధాని వైట్‌హార్స్‌లోనే ఉంటారు. మిగతాదంతా స్ప్రూస్ చెట్లు, నదులు, కొండలు. బయటివాళ్లకు అది ఎవరికీ చెందని అడవిలా కనిపిస్తుంది గానీ, అందులో చాలా భాగం మూడు వందలకు పైగా ట్రాపింగ్ కన్సెషన్లుగా పంచి ఉంది. ఒక్కో కన్సెషన్ ఒక మనిషి పేరు మీదో, ఒక సముదాయం పేరు మీదో రిజిస్టర్ అయి ఉంటుంది. ఆ హద్దుల్లో ఫర్ జంతువులను పట్టే హక్కు వాళ్లకే. నేల మీద యాజమాన్యం మాత్రం ఉండదు. జనం వాడుకలో దాన్నే ట్రాప్‌లైన్ అంటారు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఫర్ వ్యాపారం పాతదే. లండన్‌లో 1670లో రాజు నుంచి అనుమతి పత్రం పొందిన హడ్సన్స్ బే కంపెనీ, వాగుల్లో గూళ్లు కట్టుకునే బీవర్ అనే జంతువు తోళ్ల కోసమే పుట్టింది. బీవర్ బొచ్చుతో చేసిన టోపీలు అప్పట్లో యూరప్ అంతటా ఫ్యాషన్. ఆ కంపెనీ కొట్లలో బీవర్ తోలే డబ్బుకు బదులుగా చెల్లేది. కత్తి, కంబళి, తుపాకి, ఏదైనా ఇన్ని తోళ్లు అని లెక్క. కానీ అడవికి అసలైన దెబ్బ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తగిలింది. ఫర్ ధరలు బాగా పెరగడంతో దక్షిణాది నుంచి కొత్త మనుషులు ఉత్తరానికి పోటెత్తారు. ఒక లోయలో దిగి, ఉన్నదంతా ఊడ్చేసి, ఇంకో లోయకు పోయేవాళ్లు. కొందరు స్ట్రిక్‌నైన్ విషం కలిపిన ఎరలు కూడా వాడారు. వచ్చే ఏడు తిరిగి రాని వాడికి పిల్లల తల్లిని వదిలేయాల్సిన అవసరం ఏముంది?

తరతరాలుగా అక్కడే బతుకుతున్న క్రీ, డెనే, గ్విచిన్ లాంటి ఆదివాసీ కుటుంబాలకు ఆ అవసరం తెలుసు. వాళ్లలో ఏ కుటుంబం ఏ వాగు వెంబడి తిరగాలన్న కట్టుబాటు ఉండేది. బయటివాళ్లు దాన్ని లెక్క చేయలేదు. ప్రభుత్వాలు చివరికి చేసింది కూడా ఒక రకంగా ఆ కట్టుబాటునే కాగితం మీదికి ఎక్కించడం. బ్రిటిష్ కొలంబియా 1926లో ట్రాప్‌లైన్ల రిజిస్ట్రేషన్ తెచ్చింది, మిగతా ప్రాంతాలు తర్వాత ఒక్కొక్కటిగా అనుసరించాయి. యూకాన్‌లో అది 1950లో వచ్చింది. అయితే కాగితం మీదికి ఎక్కేటప్పుడు చాలా చోట్ల ఆదివాసీ కుటుంబాల నేల కొత్తగా వచ్చిన తెల్లవాళ్ల పేర్ల మీద రాయించబడింది. ఇది చిన్న అన్యాయం కాదు. 1993లో యూకాన్ ఆదివాసీ సముదాయాలతో కుదిరిన అంబ్రెల్లా ఫైనల్ అగ్రిమెంట్ అనే భూహక్కుల ఒప్పందం, ఆదివాసీల చేతిలో ఉండే ట్రాప్‌లైన్లు 70 శాతానికి, ఇతరుల చేతిలో ఉండేవి 30 శాతానికి చేరేలా లక్ష్యం పెట్టింది. కాబట్టి యూకాన్‌లో ట్రాపింగ్ నేర్చుకుంటానని వచ్చినవాడికి మొదటి పాఠం జంతువు గురించి కాదు, ఎవరి లైన్ మీద ఎవరి అనుమతితో నిలబడ్డావన్నదే.

రెండో పాఠం లెక్క. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ యూకాన్‌ది కాదు, జేమ్స్ బే ఒడ్డున క్యుబెక్‌లో ఉన్న రూపర్ట్ హౌస్‌ది. ఆ ఊరిని ఇప్పుడు వాస్కగనిష్ అంటారు. 1920ల చివరికి అక్కడ బీవర్లు దాదాపు లేకుండా పోయాయి, క్రీ కుటుంబాలు ఆకలితో అల్లాడాయి. హడ్సన్స్ బే కంపెనీ కొట్టు చూసే జేమ్స్ వాట్, మిగిలిన కొద్ది బీవర్లను చంపకుండా ఉండటానికి వేటగాళ్లకు డబ్బిచ్చాడు. అతని భార్య మాడ్ వాట్ మంచులో చాలా దూరం ప్రయాణించి క్యుబెక్ ప్రభుత్వం దగ్గరికి వెళ్లి, ఆ ప్రాంతాన్ని బీవర్ల సంరక్షణకు ఇప్పించమని అడిగింది. 1930ల తొలినాళ్లలో అనుమతి దొరికింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేట ఆగింది. క్రీ పెద్దలే తమ తమ హద్దుల్లో బీవర్ గూళ్లు లెక్కపెట్టి కంపెనీకి చెప్పేవాళ్లు. లెక్క పెరిగాక, గూటికి ఇన్ని అని పరిమితి పెట్టుకుని మళ్లీ పట్టడం మొదలుపెట్టారు. ఆ లెక్క చెప్పే పెద్దను టాలీమ్యాన్ అన్నారు. ఇప్పటికీ క్రీ ప్రాంతంలో ఒక్కో ట్రాప్‌లైన్‌కు ఒక టాలీమ్యాన్ ఉంటాడు. అక్కడ ఎవరు వేటాడాలి, ఏ మూల ఈ ఏడు వదిలేయాలి అన్నది అతని మాట.

బీవర్ లెక్క తేలిక. కుటుంబమంతా ఒకే గూట్లో ఉంటుంది, చలికాలం తిండికి కొమ్మలు నీళ్లలో పోగేసుకుంటుంది. గూళ్లు లెక్కపెడితే సరిపోతుంది. లింక్స్ అలా కాదు. ఈ పెద్ద అడవిపిల్లి బతికేదంతా స్నోషూ కుందేలు మీదే. కుందేళ్లు ఎనిమిది నుంచి పదకొండేళ్లకు ఒకసారి విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. ఒకటి రెండేళ్ల తేడాతో లింక్స్ కూడా అదే దారి పడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్ 1942లో దీన్ని చూపించింది హడ్సన్స్ బే కంపెనీ పాత ఫర్ ఖాతాల నుంచే. తర్వాత యూకాన్‌లోని క్లువానీ సరస్సు దగ్గర శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఆ చక్రాన్ని అడవిలోనే గమనించారు.

కొత్త ట్రాపర్ మోసపోయేది ఇక్కడే. కుందేళ్లు పడిపోయిన ఏడు లింక్స్‌కు ఆకలి. తిండి కోసం వందల కిలోమీటర్లు తిరుగుతుంది, ఎర కనిపిస్తే చాలు దగ్గరికి వస్తుంది. అందుకే ట్రాపులు నిండుతాయి. లైన్ మీద లింక్స్ బాగా ఉన్నాయని నేర్చుకునేవాడు సంబరపడతాడు. నిజానికి ఆ ఏడు పిల్లలు బతకడం లేదు, పట్టుబడుతున్నవన్నీ ఉన్న పెద్దవే. వాటిని కూడా తీసేస్తే, కుందేళ్లు మళ్లీ పెరిగినప్పుడు వాటి వెంట పెరగడానికి లింక్స్‌లు మిగలవు. పైగా సరుకు తగ్గితే ధర పెరుగుతుంది కాబట్టి ఆశ కూడా అప్పుడే ఎక్కువ. అనుభవమున్న ట్రాపర్ మంచులో కుందేలు జాడలు తగ్గడం చూసి, ఆ రెండు మూడు చలికాలాలు లింక్స్ జోలికి పోడు. లైన్‌లో కొన్ని వాగులనైతే ఏ ఏడూ ముట్టుకోడు. అక్కడ పుట్టిన పిల్లలు పెరిగి మిగతా చోట్లకు సర్దుకుంటాయి.

యూకాన్ ట్రాపర్‌కు రోజువారీ ఆదాయం ఎక్కువగా మార్టెన్ మీద. ముంగిస అంత జంతువు, బరువు కిలో అటూ ఇటూ. ఏడాదికి ఒక్క కాన్పు, సగటున మూడు పిల్లలు. తేలిగ్గా ఎరకు వస్తుంది, అంటే తేలిగ్గా తుడిచిపెట్టుకుపోతుంది కూడా. దీనికి ట్రాపర్లు తోలు ఒలిచే బల్ల మీదే లెక్క చూసుకుంటారు. మగ మార్టెన్ ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి ముందు అదే దొరుకుతుంది. ఆడవాటి వాటా పెరుగుతుందంటే ఆ మూల ఇక చాలు అని అర్థం. వయసు కూడా చూడొచ్చు. తోలు తీశాక తల మీద రెండు వైపుల దవడ కండరాలు నడినెత్తిన ఎంత దగ్గరకు వచ్చాయో చూస్తారు. పిల్లవైతే మధ్యలో ఖాళీ ఎక్కువ ఉంటుంది, పెద్దదయ్యే కొద్దీ అది మూసుకుపోతుంది. పెద్ద ఆడ మార్టెన్లతో పోలిస్తే పిల్లలు బాగా ఎక్కువ పడితే ఆ ఏడు కాన్పులు బాగున్నట్టు. పిల్లలు తక్కువైతే సీజన్ ఇంకా మిగిలి ఉన్నా ట్రాపులు తీసేయాలి. చట్టం నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఒప్పుకున్నంత మాత్రాన అన్నాళ్లూ పట్టాలని లేదు. ఈ ఒక్క అలవాటుతోనే ఆ మనిషి ఎలాంటి ట్రాపరో చెప్పేయొచ్చు.

ఇక ట్రాప్ సంగతి. దీన్ని దాటవేసి రాస్తే నిజాయితీ ఉండదు.

పాతకాలపు ఉక్కు దవడల ట్రాప్ జంతువు కాలిని పట్టుకునేది. ట్రాపర్ వచ్చేదాకా గంటలైనా రోజులైనా అది అలాగే పడి ఉండాలి. ఆ బాధ ట్రాపర్లకే ముందు తెలుసు. కెనడా వాయవ్య ప్రాంతాల్లో (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) ట్రాపర్‌గా బతికిన ఫ్రాంక్ కానిబేర్ దశాబ్దాల పాటు ప్రయత్నించి, మెడ మీదో ఛాతీ మీదో దెబ్బ పడి త్వరగా చంపే చదరపు చట్రాల ట్రాప్‌ను తయారుచేశాడు. 1950ల చివర్లో అది మార్కెట్‌లోకి వచ్చింది. దానికి కెనడాలోని జంతు సంరక్షణ ఉద్యమం వాళ్లు కూడా సాయపడ్డారు. ఇప్పుడు అలాంటివన్నిటినీ కానిబేర్ ట్రాపులనే పిలుస్తారు.

యూరోపియన్ యూనియన్ 1991లో చేసిన నిబంధనతో కాలు పట్టే ట్రాపులను తన దేశాల్లో 1995 నుంచి నిషేధించింది. వాటిని వాడే దేశాల నుంచి ఫర్ దిగుమతి కూడా ఆపుతానంది. దాని ఒత్తిడితో 1997లో కెనడా, రష్యా, యూరోపియన్ యూనియన్ మానవీయ ట్రాపింగ్ ప్రమాణాల ఒప్పందం చేసుకున్నాయి. 19 జాతుల జంతువులకు ఇది వర్తిస్తుంది. చంపే ట్రాప్ అయితే, పరీక్షించిన జంతువుల్లో కనీసం 80 శాతం నిర్ణీత సమయంలోపు మళ్లీ తేరుకోలేని స్పృహలేని స్థితికి చేరాలి. ఆ సమయం మార్టెన్ కన్నా చిన్నదైన ఎర్మిన్‌కు 45 సెకన్లు, మార్టెన్‌కు 120 సెకన్లు, మిగతా జాతులకు 300 సెకన్లు. కెనడాలో 1983లో ఏర్పడిన ఫర్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు చూసి ధ్రువీకరించిన ట్రాపులనే ఈ జాతులకు వాడాలి.

300 సెకన్లంటే ఐదు నిమిషాలు. 80 శాతం అంటే మిగతా 20 శాతానికి అంతకన్నా ఎక్కువ పట్టినా ట్రాప్ పాసైనట్టే. వ్యతిరేకించేవాళ్లు అడిగేది ఇదే, ఆ ప్రశ్న న్యాయమైనదే. మానవీయం అన్న మాట వాడేవాళ్లు ఈ అంకెలను కొనేవాళ్ల ముందు పెట్టాలి. ఇటు ఇంకో నిజం కూడా ఉంది. ధ్రువీకరణ పొందిన ట్రాప్ ఉన్నంత మాత్రాన పని కాదు, అమర్చిన చేతి మీద చాలా ఆధారపడుతుంది. మార్టెన్ కోసం వాలుగా నిలిపిన దుంగ మీద, మంచు పేరుకున్నా మునగనంత ఎత్తున, చెక్కపెట్టె కడతారు. లోపల బీవర్ మాంసమో చేపో పెడతారు. పెట్టె నోరు సరైన కొలతలో ఉంటే జంతువు నేరుగా తల దూరుస్తుంది, దెబ్బ మెడ మీద పడుతుంది. నోరు వెడల్పైతే పక్కకు తిరిగి దూరుతుంది, దెబ్బ తప్పుచోట పడుతుంది. ఎర పైకి కనిపిస్తే కాకుల జాతి రేవెన్ పక్షులు, గద్దలు వచ్చి చిక్కుకుంటాయి. తోడేలు ఉచ్చులో దుప్పిజాతి మూస్ కాలు పెడితే తెగి వదిలేసే ముడి ఉండాలి. నేర్పే పెద్దలు ఈ కొలతల దగ్గర కఠినంగా ఉంటారు, ఉండాలి కూడా.

ఇవన్నీ నేర్చుకున్నా ప్రాణం నిలబెట్టేది మంచు గురించిన తెలివి. యూకాన్‌లో మైనస్ 40 డిగ్రీలు అరుదు కాదు. డిసెంబరులో వైట్‌హార్స్‌లో పగలు ఐదారు గంటలే. 1960ల నుంచి కుక్కల బళ్ల స్థానంలో మంచు మీద నడిచే మోటారు బండి, స్నోమొబైల్ వచ్చింది, దాంతో ఒక రోజులో తిరిగే దూరం పెరిగింది. అదే అసలు ప్రమాదం కూడా. యంత్రం చెడిపోయిన చోటు నుంచి క్యాబిన్‌కు నడిచి రావాలంటే ఆ దూరం ప్రాణాంతకం. పాత లైన్లలోనైతే ఒక రోజు నడకకు ఒక క్యాబిన్ చొప్పున కట్టుకున్నారు, ప్రతి దాంట్లో పొడి కట్టెలు, అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచేవాళ్లు.

గడ్డకట్టిన నీళ్ల మీద నడవడానికి గట్టి నీలి మంచు కనీసం 10 సెంటీమీటర్లు, స్నోమొబైల్‌కు 12 నుంచి 15 ఉండాలని సాధారణంగా చెబుతారు. తెల్లగా బుడగలతో ఉన్న మంచుకు ఈ లెక్క సరిపోదు, ఇంకా మందం కావాలి. బీవర్ గూటి చుట్టూ, వాగు వచ్చి కలిసే చోట, మంచు ఎప్పుడూ పలచనే. అన్నిటికన్నా మోసకారి ఓవర్‌ఫ్లో అని పిలిచే నీరు. పైన పడ్డ మంచు బరువుకు కింది గడ్డ కుంగి, పగుళ్ల గుండా నీళ్లు పైకి వస్తాయి. పై మంచు కంబళిలా కప్పి ఉంచుతుంది కాబట్టి మైనస్ 40లో కూడా ఆ నీళ్లు గడ్డకట్టవు. చూడటానికి అంతా తెల్లగా చదునుగా ఉంటుంది, అడుగు పెడితే మోకాలి దాకా తడి. ఆ చలిలో తడిసిన కాలితో మిగిలేది కొన్ని నిమిషాలే, వెంటనే మంట వేసుకోగలగాలి. ఇప్పుడు శాటిలైట్ సందేశాల పరికరాలు వచ్చాయి గానీ, సాయం చేరడానికి గంటలు పడుతుంది. నదులు గడ్డకట్టే తేదీలు కూడా మారుతున్నాయి. తాతలు నవంబరులో దాటిన చోట ఇప్పుడు అదే నెలలో దాటొచ్చని ఎవరూ భరోసా ఇవ్వడం లేదు.

పట్టిన తర్వాతి పని గురించి క్లుప్తంగా చెప్తాను. మార్టెన్ తోలును సంచిలా తీస్తారు, బీవర్ తోలును పొట్ట వెంబడి చీల్చి గుండ్రంగా పలక మీద సాగదీస్తారు. కొవ్వు గీకి, నెమ్మదిగా ఆరబెట్టాలి. మంట దగ్గర పెడితే పాడైపోతుంది. చలి ముదరకముందే పట్టిన జంతువు తోలు లోపలి వైపు నీలంగా ఉంటుంది, బొచ్చు పూర్తిగా ఎదిగిన తోలు లేత తెలుపులో ఉంటుంది. గ్రేడ్ చేసేవాళ్లు తిప్పి చూడగానే ఎప్పుడు పట్టారో చెప్పేస్తారు. తొందరపడి ముందే పట్టినవాడికి జంతువూ పోతుంది, ధరా రాదు.

ధర విషయానికి వస్తే, దీంతో ఒక్కదానితో బతకొచ్చని ఎవరికీ చెప్పలేం. 2013 ప్రాంతంలో బాగా పలికిన అడవి ఫర్, చైనా, రష్యా కొనుగోళ్లు తగ్గాక పడిపోయింది. పెద్ద వేలం సంస్థ నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ 2019లో అప్పుల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. కాలిఫోర్నియా కొత్త ఫర్ అమ్మకాన్ని 2023 నుంచి ఆపేసింది. కోటు టోపీలకు కయోటీ ఫర్ కుడుతూ వచ్చిన కెనడా గూస్ కంపెనీ దాన్ని మానేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఫర్ మీదే పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ 2025లో తన దుకాణాలన్నీ మూసేసింది.

మార్కెట్ కూలితే సమస్య తీరిపోతుందని అనుకునేవాళ్లు ఆర్కిటిక్ తీరాల ఆదివాసీలైన ఇన్యూట్ ప్రజల అనుభవం చూడాలి. 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్ల దిగుమతిని నిషేధించినప్పుడు ఇన్యూట్ వేటకు మినహాయింపు ఇచ్చింది. కానీ కొనేవాళ్లు ఆ తేడా చూడలేదు. పెద్ద సీళ్లను తిండి కోసం వేటాడి తోలు అమ్ముకునే ఇన్యూట్ ఊళ్ల ఆదాయం కూడా దాంతో పాటే కూలిపోయింది. ట్రాప్‌లైన్ విషయంలోనూ ఆదివాసీ కుటుంబాలకు తోలు ఒక భాగమే. బీవర్, మస్క్‌రాట్ (నీళ్లలో ఉండే ఎలుకజాతి జంతువు) మాంసం తింటారు. ఉత్తర యూకాన్‌లోని ఓల్డ్ క్రో ఊరి గ్విచిన్ కుటుంబాలు వసంతంలో ఓల్డ్ క్రో ఫ్లాట్స్ సరస్సుల దగ్గరికి మస్క్‌రాట్ల కోసం తరలి వెళ్లడం తరతరాల అలవాటు. పిల్లలు నేర్చుకునేది అక్కడే, పెద్దల వెనక నడుస్తూ.

ఆ నడక ఒక కాలంలో బలవంతంగా తెగిపోయింది. ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి బలవంతంగా తీసుకెళ్లి చేర్చిన కెనడా రెసిడెన్షియల్ స్కూళ్లు వాళ్లను సరిగ్గా ట్రాపింగ్ సీజన్ అయిన చలికాలమంతా ఇళ్లకు దూరంగా ఉంచాయి. వాటిలో చివరివి మూతపడింది 1990లలో. తాత దగ్గర నేర్చుకోవాల్సిన పదేళ్లు పోగొట్టుకున్న తరం, తమ పిల్లలకు ఏం నేర్పాలో తెలియక మిగిలింది. ఇప్పుడు డబ్బు పెట్టి క్లాసులు నడపడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. వాయవ్య ప్రాంతాల ప్రభుత్వం బడి పిల్లలను ట్రాప్‌లైన్ మీదికి తీసుకెళ్లే కార్యక్రమానికి నిధులిస్తుంది. క్యుబెక్ క్రీలు 1975 నాటి జేమ్స్ బే ఒప్పందంలోనే వేటగాళ్ల ఆదాయ భద్రత పథకం సాధించుకున్నారు. కుటుంబం అడవిలో గడిపిన రోజుల్ని బట్టి డబ్బు వస్తుంది, పట్టిన తోళ్ల సంఖ్యను బట్టి కాదు. ఎక్కువ చంపితే ఎక్కువ డబ్బు అన్న లంకె తెంచేసిన పథకం ఇది. ఇంత ఆలోచించి చేసిన ఏర్పాటు ఫర్ వ్యాపార చరిత్రలో నాకు ఇంకోటి కనిపించలేదు.

ఆదివాసీ కుటుంబం కాని కొత్తవాడికి యూకాన్‌లో దారి కొంచెం పొడవు. ముందు ట్రాపర్ శిక్షణ పూర్తి చేయాలి, లైసెన్సు తీసుకోవాలి. అయినా సొంత లైన్ దొరకదు, కన్సెషన్ ఉన్నవాళ్ల దగ్గర సహాయకుడిగా చేరాలి. మొదటి చలికాలం అతనికి అప్పగించేది ఎక్కువగా దారికి అడ్డం పడిన చెట్లు కొట్టడం, క్యాబిన్లకు కట్టెలు చేర్చడం, మంచు మందం చూడటం, జాడలు చూసి నోటుపుస్తకంలో రాసుకోవడం. ట్రాపులు ఎక్కడ పెట్టాలో, ఏ వాగును ఈ ఏడు వదిలేయాలో లైన్ యజమాని చెబుతాడు.